ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్

ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ (మార్చి 20, 1856 - మార్చి 21, 1915) అమెరికాకు చెందిన మెకానికల్ ఇంజనీరు. శాస్త్రీయ నిర్వహణ పితామహుడిగా ప్రసిద్ధుడు. లోహాలను కోసే టూలు ఎందుకు, ఎంత త్వరగా అరిగిపోతుందో లెక్క కట్టి చెప్పినవాడు కూడా ఇతడే. ఈ రెండవ కృషి మొదటిదానంత ప్రచారం పొందలేదు.

తొలి జీవితం

టేలర్ ఫిలడెల్ఫియాలోని జర్మన్‌టౌన్‌లో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. హార్వర్డ్ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణుడైనా, కంటిచూపు మందగించడంతో ఆ చదువు మానుకొని కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరాడు. 1878లో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో కూలీగా ప్రవేశించి, క్రమంగా ప్రధాన ఇంజనీరు స్థాయికి ఎదిగాడు. ఉద్యోగం చేస్తూనే 1883లో స్టీవెన్స్ సంస్థ నుండి ఇంజనీరింగు పట్టా పొందాడు.

లోహపు కోత ప్రయోగాలు

మిడ్‌వేల్‌లో లేత్ పనివారిపై అజమాయిషీ చేస్తున్నప్పుడు, రోజుకు ఎంత పని జరగాలన్న విషయమై టేలర్‌కూ వారికీ తీవ్రమైన ఘర్షణ జరిగింది. ఏ లోహాన్ని ఏ వేగంతో కోయాలో పనివారికి అనుభవం వల్ల తెలుసు, కాని లెక్కగా ఎవరికీ తెలియదు. దానిని తేల్చడానికి సంస్థ అధ్యక్షుడు విలియం సెల్లర్స్ అనుమతితో 1880లో ప్రయోగాలు ఆరంభించాడు. ఆరు నెలల్లో ముగుస్తాయనుకున్న ఈ ప్రయోగాలు వేర్వేరు కర్మాగారాలలో 26 సంవత్సరాలు సాగాయి. 30 వేలకు పైగా ప్రయోగాలు నమోదయ్యాయి. 8 లక్షల పౌనుల ఇనుము, ఉక్కు తురుముగా మారాయి.

కోత జరిగేచోట పుట్టే వేడి టూలు పదును పోవడానికి ముఖ్య కారణం. అక్కడ నీటిని ధారగా పోస్తే కోత వేగాన్ని సుమారు 40 శాతం పెంచవచ్చని టేలర్ గుర్తించాడు.

హైస్పీడ్ స్టీలు

1898లో బెత్లెహాం ఉక్కు కర్మాగారంలో చేరి, మౌన్సెల్ వైట్‌తో కలిసి టూలు ఉక్కును పరీక్షించాడు. ఉక్కును ఒక హద్దు దాటి కాల్చితే పాడవుతుందని అప్పటి కమ్మరుల నమ్మకం. అది కొంతవరకు నిజమే. అయితే టంగ్‌స్టన్, క్రోమియం కలిసిన ఉక్కును ఇంకా పైకి, కరిగే స్థితికి దగ్గరగా వేడిచేస్తే, అది మునుపటికంటే ఎంతో మెరుగవుతున్నట్లు వారు కనుగొన్నారు. ఈ టూలు కొన ఎర్రగా కాలుతున్నా పదును కోల్పోలేదు. 1900 పారిస్ ప్రదర్శనలో దీనిని చూపారు. 1901లో లభించిన పేటెంట్లు 1909లో న్యాయస్థానంలో చెల్లకుండా పోయాయి.

టూలు ఆయువు సూత్రం

అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న 1906లో టేలర్ తన ఫలితాలను ప్రకటించాడు. కోత వేగాన్ని టూలు ఆయువు యొక్క ఒక నిర్ణీత ఘాతంతో గుణిస్తే వచ్చే విలువ స్థిరమన్నది ఇందులో ముఖ్యమైన సూత్రం. హైస్పీడ్ స్టీలుకు ఆ ఘాతం సుమారు ఎనిమిదో వంతు. అంటే వేగం 20 శాతం పెంచితే టూలు ఆయువు దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. వేగాన్ని 8 శాతం తగ్గిస్తే ఆయువు దాదాపు రెట్టింపవుతుంది. కార్బైడ్ టూళ్ళకు ఘాతం ఇంతకంటే ఎక్కువ కనుక అవి వేగాన్ని మరింత తట్టుకుంటాయి.

వేగమే కాక కోత లోతు, లోహపు గట్టిదనం వంటి మొత్తం 12 అంశాలను లెక్కించవలసి వచ్చేది. ఇందుకు కార్ల్ బార్త్ ప్రత్యేకమైన స్లైడ్ రూలు తయారుచేశాడు. దానితో వేగాన్ని నిర్ణయించే అధికారం లేత్ పనివాని చేతినుండి కార్యాలయానికి మారింది. టేలర్ పద్ధతులపై కార్మికుల వ్యతిరేకతకు ఇదీ ఒక కారణం. 1911లో వాటర్‌టౌన్ ఆయుధాగారంలో సమ్మె జరిగింది. అమెరికా కాంగ్రెసు సంఘం టేలర్‌ను విచారించింది.

1915లో న్యుమోనియాతో ఫిలడెల్ఫియాలో మరణించాడు.