యాకోబు ఇశ్రాయేలైన విధము

ఇశ్రాయేలీయులను ప్రాచీనజనమునకు ఆ పేరు యాకోబను మూలపురుషునివలన వచ్చెనని హెబ్రీయుల ఆదికాండము చెప్పుచున్నది. వంశకర్త దోషములను గప్పిపుచ్చుట లోకసహజము. ఈ గ్రంథమునందు మాత్ర మట్లు జరుగలేదు.

యాకోబు ఇస్సాకు కుమారుడు, కవలలలో రెండవవాడు. అన్నయైన ఏశావు మడమ పట్టుకొని పుట్టుటచే నాతని కా పేరు గలిగెనట. హెబ్రీభాషలో మడమకును ఆ పేరునకును శబ్దసామ్యము గలదు. పెరిగిన పిదప, ఆకలిగొని వచ్చిన యన్నకు ఎఱ్ఱని పప్పువంటక మిచ్చి జ్యేష్ఠత్వమును గొనెను. అంతటితో దనియక, చూపు మందగించిన తండ్రి యెవరవని యడుగగా తానేశావునని పలికి, అన్నకు రావలసిన యాశీర్వచనమును గైకొనెను. తమ్ముని పేరులోనే వంచన యున్నదని ఏశావు వాపోయెను.

యాకోబు ప్రాణభీతిచే హారానునకు బోయి, మేనమామయైన లాబానునొద్ద 20 ఏండ్లు కొలువు చేసెను. రాహేలుకొఱకు 7 ఏండ్లు పాటుపడగా, మామ రాత్రివేళ ఆమె యక్కయైన లేయాను బంపెను. చూపులేనివానిని మోసగించినవాడు చీకటిలో మోసపోయెను. గ్రంథకర్త దీనిని గూర్చి యొక్కమాటయైన ననడు. అనవలసిన యవసరమును లేదు.

తిరిగివచ్చునపుడు ఏశావు 400 మందితో ఎదురువచ్చుచున్నాడని తెలిసి, పిల్లలను లెక్కింపక 550 పశువులను గానుకగా ముందు బంపి, యాకోబు యబ్బోకురేవునొద్ద నొంటిగా నిలిచెను. ఆ రాత్రి యొక పురుషుడు తెల్లవాఱువఱకు నాతనితో బెనగి తొడగూటిని దొలగించెను. పిదప పేరడిగెను. మున్ను తండ్రి యడిగినది నిదే ప్రశ్న. ఈ మాఱు యాకోబు తన పేరే చెప్పెను. అప్పుడే యాతనికి ఇశ్రాయేలను నామము లభించెను. కథకు ప్రాణ మీ యుత్తరమందే యున్నదని మాకు దోచుచున్నది.

దేవునితో పోరాడినవాడని గ్రంథము చెప్పు నర్థము. ఇట్టి నామములలో దైవనామము సాధారణముగా గర్తయగుటచే, దేవుడే పోరాడునని గాని, దేవుడు రాజ్యము చేయుగాక యని గాని యర్థము చెప్పు పండితులు గలరు. అదే గ్రంథము 35వ యధ్యాయమున, బేతేలునందు పెనుగులాట లేకయే యీ పేరు మరల నిచ్చినట్లు చెప్పును. ఇవి రెండు వేర్వేఱు సంప్రదాయములని విమర్శకుల మతము.

యాకోబు జీవితమునకు గ్రంథమునకు వెలుపల సాక్ష్యము లేదు. జనము పేరునకు గలదు. ఐగుప్తురాజు మెర్నెప్తా వేయించిన, క్రీ. పూ. 1208 ప్రాంతపు విజయశాసనమున నది కనబడుచున్నది. ఆ శిలను 1896లో ఫ్లిండర్స్ పెట్రీ థేబెసునందు గనుగొనెను. అందు పొరుగుపట్టణముల పేళ్లకు దేశచిహ్నమును, ఈ పేరునకు జనచిహ్నమును జెక్కబడినవి.

తెల్లవాఱిన పిదప యాకోబు కుంటుచు నన్నకెదురుగా బోయెను; ఏశావు కౌగిలించుకొనెను. నిష్ఠగల యూదులు నేటికిని పశువుల తుంటినరమును దినరు. అబ్రామునకు అబ్రాహామను పేరు వచ్చిన పిమ్మట ఆదికాండ మాతనిని మరల బాతపేర బిలువదు. యాకోబు విషయ మట్లు గాదు: ఐగుప్తున 147వ యేట మరణించువఱకు నొకమాఱు ఇశ్రాయేలనియు, నొకమాఱు యాకోబనియు బిలుచుచునే యున్నది.