ఒకే జత స్పీకర్లు – వాటి వెనుక ఒక టెలిఫోన్ ఇంజనీరు

రిటైరైన తరువాత మనలో చాలామందికి పాత పాటల మీద మక్కువ పెరుగుతుంది. ఎప్పుడో మోజుపడి కొన్న స్టీరియో సెట్టు, దాని రెండు స్పీకర్లు హాల్లో గోడవారగా ఉంటాయి. ఇంతలో పిల్లలు టీవీకి హోం థియేటర్ కావాలంటారు. పాత స్పీకర్లు తీసేయాలా, పక్కనే మరో జత పెట్టాలా అని ఇంట్లో చర్చ మొదలవుతుంది. నిజానికి ఆ రెండూ అక్కర్లేదు. మంచి స్పీకర్లయితే ఒకే జత రెండింటికీ సరిపోతుంది. ఎందుకు సరిపోతుందో తెలియాలంటే, మనలాగే టెలిఫోన్ లైన్లతో ఉద్యోగం మొదలుపెట్టిన ఒక ఇంజనీరు జీవితం తెలుసుకోవాలి. ఆయన అలన్ బ్లమ్‌లైన్.

బ్లమ్‌లైన్ 1903 జూన్ 29న లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో జన్మించారు. తండ్రి జర్మనీ నుంచి వచ్చి స్థిరపడిన మైనింగ్ ఇంజనీరు. ఏడేళ్ల వయసులో ఇంటి కాలింగ్ బెల్ బాగుచేసి, ఎలక్ట్రికల్ ఇంజనీరునని సంతకం పెట్టి, తండ్రికే బిల్లు ఇచ్చిన ఘటికుడు. అదే పిల్లవాడికి పన్నెండేళ్లు వచ్చేదాకా చదవడం సరిగా పట్టుబడలేదని వారి ఇంట్లో చెప్పుకునేవారు. తరువాత సిటీ అండ్ గిల్డ్స్ కళాశాలలో ప్రథమ శ్రేణిలో ఇంజనీరింగ్ పట్టా పొందారు.

1924లో ఇంటర్నేషనల్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరారు. ట్రంకు లైన్లలో ఒకరి మాటలు మరొకరి లైనులో వినబడే క్రాస్‌టాక్ బాధ మన సభ్యులకు వేరే చెప్పనక్కర్లేదు. దాన్ని తగ్గించడం, లోడింగ్ కాయిల్స్‌ను మెరుగుపరచడం ఆయన తొలి పనులు. 1929లో కొలంబియా గ్రాఫోఫోన్ కంపెనీకి మారారు. 1931లో ఆ కంపెనీ మరొక గ్రామఫోన్ కంపెనీతో కలిసి ఈఎంఐగా ఏర్పడింది.

ఆ 1931లోనే, తరువాత తన భార్య అయిన డోరీన్‌తో కలిసి ఆయన సినిమాకు వెళ్లారు. టాకీలు కొత్తగా వచ్చిన రోజులవి. తెర వెనుక శబ్దానికి ఒకటే మార్గం. నటుడు తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచినా మాట మాత్రం ఒకే చోటి నుంచి వస్తోంది. అందరూ సర్దుకుపోయిన ఆ లోపం ఆయనకు మింగుడుపడలేదు. మాట మనిషి వెంట నడిచేలా చేయవచ్చని ఆమెతో అప్పుడే చెప్పారట.

మనకు రెండు చెవులున్నాయి. ఎడమవైపు శబ్దం ఎడమ చెవిని లిప్తపాటు ముందుగా, కొంచెం గట్టిగా తాకుతుంది. ఆ తేడాను బట్టి మెదడు దిక్కు గుర్తిస్తుంది. ఆ తేడాను రెండు మైకులతో పట్టి, రెండు స్పీకర్లతో తిరిగి వినిపించే పద్ధతికి 1931 డిసెంబరు 14న ఆయన పేటెంటు దరఖాస్తు చేశారు. 1933లో అది మంజూరైంది. అందులో 70 అంశాలు ఉన్నాయి. గ్రామఫోన్ రికార్డు మీద ఒకే గాడికి ఉన్న రెండు గోడలలో రెండు వైపుల శబ్దాన్నీ చెక్కే ఉపాయం కూడా వాటిలో ఒకటి.

1934లో లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో థామస్ బీచమ్ నిర్వహించిన మొజార్ట్ సింఫనీని ఈ పద్ధతిలో రికార్డు చేశారు. 1935లో హేస్ రైల్వే స్టేషనులో రైళ్లు కదిలిపోతుంటే చప్పుడు వాటి వెంటే సాగే చిన్న చిత్రం తీశారు. అంటే సంగీతం, సినిమా రెండూ మొదటి రోజు నుంచే ఆ జత స్పీకర్లను పంచుకున్నాయి. కానీ అప్పట్లో మార్కెట్టుకు అది అవసరమనిపించలేదు. ఆయన టెలివిజన్ పనిలోకి వెళ్లారు. 1936 నవంబరులో బీబీసీ ప్రసారాలకు వాడిన 405 గీతల పద్ధతి రూపకల్పనలో ఆయనది ముఖ్య పాత్ర. మొత్తం 128 పేటెంట్లు ఆయన పేరిట ఉన్నాయి.

యుద్ధం వచ్చింది. చీకట్లోనూ, మబ్బుల పైనుంచీ నేలను చూపించే హెచ్‌టూఎస్ అనే విమాన రాడార్ పరీక్షలలో ఉండగా, 1942 జూన్ 7న హాలిఫాక్స్ విమానం ఇంజనులో మంటలు లేచి వెల్ష్ బిక్నర్ వద్ద కూలిపోయింది. పదకొండుమందీ మరణించారు. బ్లమ్‌లైన్‌కు అప్పటికి 38 ఏళ్లు. సరిగా బిగించని ఒక చిన్న నట్టు ఇందుకు కారణమని తేలింది. రాడార్ రహస్యం కనుక ఆయన మరణం గురించి బయటకు చెప్పలేదు. భార్య, ఇద్దరు పసిపిల్లలు ఆ దుఃఖాన్ని గుట్టుగా మోశారు.

స్టీరియో రికార్డులు 1958లో బజారుకు వచ్చాయి. గాడి గోడల ఉపాయం అదే. పేటెంటు గడువు అప్పటికే తీరిపోయింది. తన ఊహ ఇంటింటా వినబడడం ఆయన వినలేదు.

ఇప్పుడు మన హాలుకు వద్దాం. స్టీరియో వినేటప్పుడు రెండు స్పీకర్లు, మనం కూర్చునే కుర్చీ సమబాహు త్రిభుజంగా ఉండాలంటారు. అంటే ఎదురుగా ఉన్న మధ్య గీతకు ఒక్కొక్కటి 30 డిగ్రీలు. ఐదు స్పీకర్ల హోం థియేటర్‌కు ఏర్పరచిన అంతర్జాతీయ ప్రమాణంలోనూ ముందున్న ఎడమ, కుడి స్పీకర్ల స్థానం అదే. కనుక పాత జతను కదపకుండా మధ్యన ఒకటి, వెనకగా రెండు, బరువైన శబ్దాలకు ఒక సబ్‌వూఫర్ చేర్చుకుంటే చాలు.

అయితే ఒక హెచ్చరిక. రెండు ఆంప్లిఫయర్ల తీగలను ఒకేసారి ఒకే స్పీకరుకు తగిలించకూడదు, ఆంప్లిఫయర్లు కాలిపోవచ్చు. హోం థియేటర్ రిసీవర్ వెనుక ప్రీ అవుట్ రంధ్రాలుంటే, ఎడమ, కుడి వాటి నుంచి స్టీరియో ఆంప్లిఫయర్ బైపాస్ ఇన్‌పుట్‌కు కేబుల్ వేయాలి. స్పీకర్లు స్టీరియో ఆంప్లిఫయర్‌కే ఉంటాయి. బైపాస్ లేకపోతే ఆక్స్ ఇన్‌పుట్‌కు కలిపి, సినిమా చూసే ప్రతిసారీ వాల్యూమ్ గుండీని గుర్తుపెట్టుకున్న ఒకే చోట ఉంచాలి. ఇదంతా తలనొప్పి అనుకునేవారు సీడీ ప్లేయరును కూడా రిసీవర్‌కే కలిపి, పాటలప్పుడు స్టీరియో మీట నొక్కితే సరి.

ఆబీ రోడ్‌లో 2015లో ఆయన పేరిట ఫలకం పెట్టారు. 2017లో సాంకేతిక గ్రామీ పురస్కారం ఇచ్చారు, చనిపోయిన 75 ఏళ్లకు. ఈసారి మనవడు సినిమా పెట్టినప్పుడు తెర మీద మనిషి నడుస్తుంటే మాట కూడా అతని వెంట నడుస్తుందేమో గమనించండి. తరువాత అవే స్పీకర్లలో మీకిష్టమైన పాట పెట్టుకోండి. ఆయన పేరు ఆ పిల్లవాడికి కూడా ఒకసారి చెప్పండి.