ప్రేక్షకుల కన్నులలో స్థానం వారు

ఆంధ్ర నాటకరంగమున స్త్రీపాత్రాభినయమనగానే స్ఫురించు మొదటి పేరు స్థానం నరసింహారావుగారిది. మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారి జీవితమును సంగ్రహముగా స్మరించుట ఉచితమని తోచినది. వారి పేరు వినినవారు మనలో పెక్కుమంది గలరు. వారిని రంగస్థలముపై కన్నులార చూచినవారు నేడు బహు కొలదిమంది. కవి గతించినను కావ్యము బీరువాలో నిలుచును. నటుడు గతించిన పిదప అతని అభినయము చూచినవారి జ్ఞాపకములో మాత్రమే బ్రదుకును. కనుక నటుని చరిత్ర చెప్పునపుడు అతనిని చూచిన జనుల మాట గూడ చెప్పక తప్పదు.

నరసింహారావుగారు 1902 సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిరి. తండ్రి హనుమంతరావుగారు, తల్లి ఆదెమ్మగారు. నాడు బాపట్లయు మన నరసరావుపేటయు ఒకే కృష్ణా జిల్లాలోనివి, పిదప చిరకాలము ఒకే గుంటూరు జిల్లాలో నుండినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన రెండును వేర్వేరు జిల్లాలకు కేంద్రములైనవి. పేర్లు మారినను ఆ నేల వారు మనకు పరాయివారు గారు.

వారు రంగస్థలమున కాలిడుట ఒక అవాంతరము వలన జరిగినది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ఆడవలసియుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. జనము కూడియున్నారు. నాటకము ఆపుటకు వీలులేదు. అప్పుడు పదునెనిమిదేండ్ల యువకుడగు నరసింహారావుగారు ఆ వేషము ధరించిరి. భర్త సత్యవ్రతమునకై అమ్ముడుపోయి, కుమారుని పోగొట్టుకొని, కాటిలో విలపించు ఇల్లాలి పాత్ర అది. మొదటి రాత్రియే అట్టి బరువును మోసినవానికి తరువాతి మార్గము తెరచుకొనుటలో వింత లేదు.

హరిశ్చంద్ర నాటకము మన పల్నాటి వారికి మరియొక విధముగా గూడ దగ్గరిది. వినుకొండలో పుట్టిన మహాకవి గుఱ్ఱం జాషువాగారి శ్మశాన పద్యములను నటులు కాటి ఘట్టమున చేర్చుకొని పాడిరి. పొలమునకు పోవు మనిషి గూడ ఆ పద్యములను గొంతెత్తి పాడుకొన్న కాలమొకటి యుండెను. పుస్తకము చేతబట్టని వారికి పద్యమును చేర్చినది నాటకమే.

1921 ప్రాంతమున నరసింహారావుగారు తెనాలి రామవిలాస సభలో చేరిరి. నాడు తెనాలి ఆంధ్ర నాటకమునకు ఒక రాజధాని వంటిది. మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, గోవిందరాజుల వెంకటసుబ్బారావుగారు మున్నగు మేటి నటులు ఆ సభలోని వారే. ఈ సుబ్బారావుగారే 1947లో వచ్చిన పల్నాటి యుద్ధము చలనచిత్రమున బ్రహ్మనాయుని వేషము ధరించిరి. అట్టి నటుల నడుమ నిలిచి, వారి గంభీర పురుషపాత్రలకు దీటుగా స్త్రీపాత్రను నిలబెట్టుట సామాన్య విషయము గాదు.

ఆ దినములలో నాటకమనగా ఎట్టిదో నేటి యువకులకు కొంత చెప్పవలసియున్నది. నాటక సమాజములు ఊరూర తిరిగి ఆడెడివి. మన సీమకు గుంటూరు నుండి నరసరావుపేట, వినుకొండల మీదుగా ఒక రైలుదారియు, సత్తెనపల్లి, గురజాలల మీదుగా మాచెర్లకు మరియొక రైలుదారియు ఏర్పడిన పిదప తెరలు, పెట్టెలు, హార్మోనియములతో సమాజములు పయనించుట సులభమైనది. రైలు లేని ఊళ్లకు ఎడ్లబండ్లే గతి. పంటలు ఇంటికి చేరిన పిమ్మట జనమునకు తీరిక చిక్కెడిది. తాటాకు పందిరి వేసి, గ్యాసు దీపములు వ్రేలాడదీసి, ముందు కుర్చీలు, వెనుక బెంచీలు, ఆ పైన నేల వేసెడివారు. చుట్టుపట్ల పల్లెలవారు బండ్లు కట్టుకొని, పిల్లలకు గడ్డిపరుపు వేసి, సద్దిమూటలతో తరలివచ్చెడివారు. రాత్రి పొద్దుపోయి నాంది ఆరంభమైన, భరతవాక్యము నాటికి కోడికూసెడిది.

మైకులు రాని కాలమున నటుని కంఠము నేలమీద కడపటి వరుసలో కూర్చున్నవాని చెవిని చేరవలసియుండెను. నచ్చిన పద్యమునకు జనము ఒన్సుమోరు కేకలు వేసెడివారు. నచ్చని వేషమును చూచి నోరుమూసుకొని కూర్చుండెడివారును గారు. నటునికి పరీక్ష అక్కడికక్కడే జరిగిపోయెడిది. మన పల్నాటి ప్రేక్షకులు ఈ విషయమున మరింత గట్టివారు. కారెంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు చెప్పు కథలు తరతరములుగా విని, బాలచంద్రుడు యుద్ధమునకు తరలు ఘట్టమున కన్నీరు విడిచిన జనమిది. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల వెలుగున రాత్రి తెల్లవార్లు కూర్చున్న జనమిది. కథ వీరికి ముందే తెలియును. చెప్పువాడు ఎట్లు చెప్పునో చూతమనియే వీరు వచ్చెడివారు.

ఇట్టి ప్రేక్షకుల ముందు పురుషుడు స్త్రీవేషముతో నిలువబడి వారిని నమ్మించుట ఎట్లు? స్థానం వారి గొప్పతనము ఇక్కడనే యున్నది. వారు ఆడు గొంతును అనుకరించి, నడుము వంచి నడచుటతో తృప్తిపడలేదు. ఏ స్త్రీ యొక్క నడక ఆ స్త్రీదే యని వారు గ్రహించిరి. శ్రీకృష్ణ తులాభారమున సత్యభామ భర్త ప్రేమపై అధికారము గలదని నమ్మిన రాణి. సారంగధరలో చిత్రాంగి తగని కోరిక వలన తానును నశించి పరులను నాశనమొనర్చు యువతి. విప్రనారాయణలో దేవదేవి పంతమునకు మొదలుపెట్టి ప్రేమకు లోనగు వేశ్య. కన్యాశుల్కమున మధురవాణి ఊరివారినందరిని తన తెలివితో ఆటాడించు మనిషి. రోషనార మొగలు అంతఃపురపు రాజపుత్రి. ఇందరిని ఒకే దేహము ధరించినది. చీర కట్టు, కొప్పు, నగ, చూపు, మాటలోని విరుపు పాత్రకు తగినట్లు మారెడివి. ఆహార్యమును వారు స్వయముగా ఆలోచించి కూర్చుకొనెడివారు. ఒకనాడు సత్యభామను చూచినవారు మరునాడు మధురవాణిని చూచి ఇది వేరొక మనిషియని భ్రమించిరనిన అతిశయోక్తి గాదు.

అన్నిటిలోను వారికి చిరకీర్తి తెచ్చినది సత్యభామ పాత్రయే. శ్రీకృష్ణ తులాభారము ముత్తరాజు సుబ్బారావుగారి రచన. అందు సత్యభామ తన భర్త తన మాట దాటజాలడని ధీమాతో పాడు పాట యొకటి గలదు. ఆ పాటను వ్రాసినది స్థానం వారే. ప్రేక్షకులు ఒన్సుమోరు కొట్టినపుడెల్ల ఆ పాటను వారు తిరిగి పాడెడివారు. వింత యేమనగా, పాడిన ప్రతిసారియు అభినయము మారెడిది. అదే పల్లవి ఒకసారి గర్వముగా, ఒకసారి లాలనగా, ఒకసారి చెలికత్తెలపై పరిహాసముగా, ఒకసారి లోలోపలి అనుమానమును కప్పిపుచ్చుకొనుటగా ధ్వనించెడిది. అడిగినది మరల పాటయే. లభించినది సత్యభామ హృదయములోని మరియొక గది. రాగము సాగదీసి చప్పట్లు కొట్టించుకొను పద్ధతి ప్రబలిన దినములలో పాటను భావమునకు లోబరచిన ఘనత వారిది. 1966లో వచ్చిన శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రమున ఈ పాటను పి. సుశీలగారు పాడగా జమునగారు అభినయించిరి. దానివలన నాటకము చూడని వారి యిండ్లలో గూడ ఆ పాట నిలిచినది.

నాటకశాలలో ఒక ప్రక్కన స్త్రీలు కూర్చుండెడివారు. వారి కన్నులతో ఈ నటుని తలచుట అవసరము. సవతిపోరు, భర్త అనాదరము, కడుపుకోత, బయటకు చెప్పుకొనలేని కోపము, ఇవి వారు ప్రతిదినము మింగుచున్నవి. సత్యభామ పదిమంది ముందు అలిగి, గర్వించి, ఓడి, తుదకు తులసిదళము ముందు తల వంచినపుడు వారు తమ యింటి మాటనే చూచిరి. పల్లెలలో ఒక స్త్రీ మనస్సును తెల్లవారుజాము దాక ముఖ్య విషయముగా నిలిపి, మగవారందరిని కదలక చూచునట్లు చేసినది నాటకమే. ఆ పని స్థానం వారు చేసినంత నేర్పుగా చేసినవారు అరుదు.

అయినను ఇందులో ఒక ముల్లు గలదు. దానిని దాచుట న్యాయము గాదు. ఆ స్త్రీల మనస్సును చూపుటకు పురుషుడే కావలసివచ్చుటకు కారణమేమి? కుటుంబ స్త్రీలు రంగస్థలమెక్కిన పరువు పోవునని సంఘము శాసించుట. అనగా వారి కళకు చోటిచ్చినది స్త్రీలకు మూసిన తలుపు. ఈ తలుపును తట్టినవారు నాడే యుండిరి. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన సురభి సమాజములలో వారి యింటి ఆడువారే వేషములు ధరించి ఊరూర తిరిగిరి. బళ్లారి రాఘవాచార్యులుగారు స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవిగారి వంటి విద్యావతులను తమ సరసన నిలిపిరి. 1946లో రాఘవగారు గతించునాటికి గాలి ఆ వైపు తిరిగినది. రాఘవగారి వాదము న్యాయమైనది. స్థానం వారి అభినయము గొప్పది. ఈ రెండు మాటలును ఒకదాని నొకటి కాదనవు. తలుపు తెరచుకొన్న పిదప వచ్చిన నటీమణులకు సత్యభామ నడక ఎట్లుండవలెనో ముందే నిర్ణయించి యుంచినవారు స్థానం వారు. ఇది స్త్రీజాతికి ఒక పురుషుడు తీర్చుకొన్న ఋణముగా గూడ భావింపవచ్చును.

వారి కీర్తి ఆంధ్రదేశపు టెల్లలు దాటినది. పొట్టకూటికై బర్మా వలసపోయిన తెలుగువారు వేలకొలది యున్న రంగూను నగరమున 1938లో వారికి బంగారు కిరీటము బహూకరించిరి. సముద్రము దాటి దూరదేశమున కూలినాలి చేసుకొను జనమునకు తమ భాషలో సత్యభామ మాటలాడుట ఎంతటి ఊరటయో ఊహింపవచ్చును. 1956లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసంగినది. తెలుగు నటులలో ఆ గౌరవము మొదట పొందినవారు వారే.

తెలుగు టాకీలు 1932లో ఆరంభమైన తరువాత నాటకములకు కష్టకాలము వచ్చినది. పల్లెలకు గూడ టూరింగు టాకీసు డేరాలు చేరినవి. సమాజములు చెదరి, పేరుపడ్డ నటులను ఒక్కొక్కరిని ఒక్కొక్క ఊరినుండి రప్పించి ఆడించు కంట్రాక్టు నాటకములు పెరిగినవి. కలిసి సాధన చేసిన సమాజపు పొందిక తగ్గి, పద్యముల పోటీ మిగిలినది. స్థానం వారును 1939లో రాధాకృష్ణ, 1942లో సత్యభామ చిత్రములలో నటించిరి. కాని వారి స్థానము వెండితెరపై నిలువలేదు. ఒన్సుమోరు అడుగు జనము ఎదుట లేనప్పుడు ఆ పాటకు నాలుగవ అర్థము, ఐదవ అర్థము పుట్టుటకు అవకాశమేది? తెర మీది బొమ్మ ఎన్నిసార్లు చూచినను ఒకటే.

పిదప వారు హైదరాబాదు ఆకాశవాణిలో నాటక ప్రయోక్తగా పనిచేసిరి. కంటికి కనబడని ఆ మాధ్యమమున మాటయొక్కటియే ఆధారము. తమ అనుభవములను, పాత్రపోషణలోని మెలకువలను నటస్థానము అను గ్రంథముగా వ్రాసి యుంచిరి. తన విద్యను గుట్టుగా దాచుకొను నటులున్న కాలమున ఇట్లు వ్రాసి పెట్టుట వారి ఔదార్యమునకు సాక్ష్యము. 1971 ఫిబ్రవరి 21వ తేదీన వారు పరమపదించిరి.

మన గ్రంథాలయపు బీరువాలలో నాటక గ్రంథములు గలవు. వాటిని చదివినపుడు పద్యము తెలియును, కథ తెలియును. ఒక రాత్రి ఆ పద్యమునకు పందిరిలోని వేయిమంది ఎందుకు ఊపిరి బిగబట్టిరో పుస్తకము చెప్పజాలదు. అది చూచినవారు చెప్పవలసిన మాట. మన గ్రామములలో తొంబదేండ్ల వృద్ధులు ఇంకను కొందరున్నారు. ఏ తిరునాళ్లలో ఏ నాటకము చూచిరో, ఏ వేషమునకు కంట తడి పెట్టిరో, టిక్కెట్టు వెల యెంతయో వారికి జ్ఞాపకముండును. చదువరులగు యువకులు ఒక నోటుపుస్తకము తీసికొని వారి వద్ద కూర్చుండి ఆ మాటలను వ్రాసికొని వచ్చి ఈ బీరువాలోనే యుంచినచో, నాటక గ్రంథముల ప్రక్కన ప్రేక్షకుల గ్రంథము ఒకటి చేరును. తన పాటకు జనమిచ్చిన ప్రతి కేకను మరియొక భావముగా మార్చి తిరిగి జనమునకే యిచ్చిన నటునికి అంతకంటె తగిన నివాళి లేదు.