హిప్పో అగస్టీన్

అగస్టీన్ (నవంబరు 13, 354 – ఆగస్టు 28, 430) క్రైస్తవ వేదాంతి, తత్వవేత్త, ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరానికి బిషప్పు. ఇతడు లాటిన్ భాషలో వ్రాసిన "కన్ఫెషన్స్" ప్రపంచ సాహిత్యంలోని ప్రసిద్ధ ఆత్మకథలలో ఒకటి. దేవుని వెదకుతూ తాను త్రోవ తప్పిన సందర్భాలనే గాక, బాప్తిస్మం పొందిన తరువాత కూడా తనను వదలని బలహీనతలను ఇతడు అందులో దాచకుండా వ్రాశాడు.

బాల్యము, విద్య

అగస్టీన్ రోమన్ సామ్రాజ్యంలోని తగాస్తే పట్టణంలో (ఇప్పటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్) జన్మించాడు. తల్లి మోనికా భక్తిపరురాలైన క్రైస్తవురాలు. తండ్రి పాట్రీషియస్ చివరి దశలో మాత్రమే క్రైస్తవుడయ్యాడు. పదహారేళ్ళ వయసులో అగస్టీన్ స్నేహితులతో కలిసి ఒక తోటలో బేరిపండ్లు దొంగిలించాడు. ఆకలి వేసి కాదు. చాలా పండ్లను పందులకు పారవేశారు. ఇంత చిన్న తప్పును అతడు జీవితాంతం మరువలేదు. లాభమేమీ లేకపోయినా చెడు చేయాలని మనిషికి ఎందుకు అనిపిస్తుందో కన్ఫెషన్స్ రెండవ భాగంలో సుదీర్ఘంగా చర్చించాడు.

తరువాత కార్తేజ్ నగరంలో అలంకారశాస్త్రం అభ్యసించాడు. అక్కడ ఒక స్త్రీతో కలిసి జీవించాడు. వీరికి అదియోదాతస్ అనే కుమారుడు కలిగాడు. పంతొమ్మిదవ ఏట సిసిరో రచన "హోర్టెన్సియస్" చదివిన తరువాత అతనిలో జ్ఞానతృష్ణ మొదలైంది. అయితే బైబిలు శైలి మోటుగా తోచడంతో, పారశీకుడైన మాని స్థాపించిన మతంలో చేరి సుమారు తొమ్మిదేళ్ళు గడిపాడు.

మిలాన్ నగరంలో

384లో మిలాన్‌లో అధ్యాపకుడైన అగస్టీన్ అక్కడి బిషప్పు అంబ్రోజ్ ప్రసంగాలకు ఆకర్షితుడయ్యాడు. ఈ కాలంలోనే సంపన్న వివాహం కోసం, పదేళ్ళకు పైగా తోడున్న స్త్రీని ఆఫ్రికాకు పంపివేశాడు. ఆ ఎడబాటుకు తన హృదయం గాయపడిందని వ్రాసుకున్నాడే గాని ఆమె పేరు ఎక్కడా చెప్పలేదు. నిశ్చయమైన వివాహం జరగలేదు. ఇంద్రియనిగ్రహం ప్రసాదించమని ప్రార్థిస్తూనే, ఆ ప్రార్థన వెంటనే ఫలిస్తుందేమోనని భయపడేవాడు. 386లో ఒక తోటలో తీవ్రమైన అంతర్మథనం తరువాత పౌలు రోమీయులకు వ్రాసిన లేఖను చదివి మనసు మార్చుకున్నాడు. 387 ఈస్టర్ సమయంలో అంబ్రోజ్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం మోనికా ఓస్టియాలో మరణించింది. ఆఫ్రికాకు తిరిగి వచ్చిన కొద్దికాలానికే కుమారుడు కూడా మరణించాడు.

బిషప్పుగా

391లో హిప్పో ప్రజల ఒత్తిడితో పూజారిగా, సుమారు 395లో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. 397 ప్రాంతంలో కన్ఫెషన్స్ ప్రారంభించాడు. ఆ గ్రంథంలో పదవ భాగం ప్రత్యేకమైనది. అప్పటికే మతాధికారిగా ఉన్న వ్యక్తి తన ప్రస్తుత లోపాలను అందులో ఒప్పుకున్నాడు. నిద్రలో వచ్చే కామస్వప్నాలు, భోజనంలో మితం తప్పడం, స్తుతిగీతాల అర్థం కన్నా రాగానికి పరవశించడం, ప్రశంసలపై మోజు, చివరకు బల్లి ఈగలను పట్టడాన్ని చూస్తూ ప్రార్థన మరచిపోవడం కూడా అతడు లెక్కించాడు. మనిషి తన సంకల్పబలంతోనే పాపరహితుడు కాగలడని బోధించిన పెలాజియస్‌తో అతనికి వచ్చిన వివాదం ఈ అనుభవంతో విడదీయరానిది. దైవకృప లేనిదే అది అసాధ్యమని అగస్టీన్ వాదించాడు.

డొనాటిస్టు వర్గంపై ప్రభుత్వ బలప్రయోగాన్ని అతడు మొదట వ్యతిరేకించి తరువాత సమర్థించాడు. ఇది అతని జీవితంలో తీవ్ర విమర్శకు గురైన అంశం.

చివరి దినాలు

413 – 426 మధ్య "దేవుని నగరం" అనే బృహద్గ్రంథాన్ని రచించాడు. ఆపై తన పాత పుస్తకాలన్నీ తిరిగి చదివి, వాటిలోని పొరపాట్లను సరిదిద్దుతూ మరొక గ్రంథం వ్రాశాడు. 430లో వాండల్ సేనలు హిప్పోను ముట్టడించి ఉండగా జ్వరంతో మంచం పట్టాడు. పశ్చాత్తాప కీర్తనలను వ్రాయించి పడక ఎదుట గోడకు పెట్టించుకుని, వాటిని చదువుతూ కన్నీరు కార్చేవాడని శిష్యుడు పొసిడియస్ వ్రాసిన జీవితచరిత్ర తెలుపుతుంది. చివరి పది రోజులు వైద్యులు, భోజనం తెచ్చేవారు తప్ప ఎవరూ లోనికి రాకూడదని కోరాడు.