మొవ్వ పదాన్ని బతికించిన గొంతులు

పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో ఉన్న కూచిపూడి పేరు తెలియనివారు ఉండరు. దాని పొరుగునే ఉన్న మొవ్వ పేరు అంతగా వినపడదు. కాని దక్షిణదేశంలో సంగీతం తెలిసిన ఇళ్లలో మూడున్నర శతాబ్దాలుగా ఈ చిన్న ఊరి పేరు పాటలో పలుకుతూనే ఉంది. ఇక్కడి వేణుగోపాలస్వామిని మువ్వగోపాలుడని పిలిచి, ప్రతి పాటలోనూ ఆ పేరే ముద్రగా వేసుకున్నవాడు క్షేత్రయ్య.

క్షేత్రయ్య పదిహేడవ శతాబ్దంవాడు. అసలు పేరు వరదయ్య అంటారు. మొవ్వ గుడిలో ఆడిపాడే మోహనాంగి అనే దేవదాసిపై మనసుపడ్డాడనీ, స్వామిమీద పదాలు కట్టి పాడితేనే తన మనసు దక్కుతుందని ఆమె చెప్పిందనీ, ఆ పట్టుదలతో గుడిలో కూర్చుని గోపాలుని అనుగ్రహం సంపాదించాడనీ కథ చెప్పుకుంటారు. ఈ కథలో నిజం పాలు ఎంతో తేల్చడం కష్టం. ఆయన పుట్టింది ఈ మొవ్వ కాదని వాదించిన పండితులూ ఉన్నారు. వాదాలు ఎలా ఉన్నా, పదం పదంలోనూ మువ్వగోపాలుణ్ణి తలుచుకున్నవాణ్ణి ఈ ఊరివారు తమవాడనుకోవడంలో తప్పేమీ లేదు.

వరదయ్య ఊళ్లోనే ఉండిపోలేదు. కంచి, శ్రీరంగం మొదలైన క్షేత్రాలన్నీ తిరిగి ఎక్కడి దేవుణ్ణి అక్కడ పాడాడు. అందుకే క్షేత్రయ్య అనే పేరు స్థిరపడింది. కృష్ణాతీరంలో పుట్టినవాడు అరవదేశం దారి పట్టడానికి కారణం లేకపోలేదు. విజయనగరం ప్రాభవం తగ్గిన తరువాత తెలుగు కవికీ గాయకుడికీ పెద్ద పీట వేసినవారు మధుర, తంజావూరు నాయకరాజులు. తంజావూరు ఏలిన విజయరాఘవనాయకుడు తానే తెలుగులో యక్షగానాలు రాసినవాడు.

ఆ తంజావూరు కొలువులోనే ఒక ముచ్చట జరిగిందంటారు. రాజు క్షేత్రయ్యను గౌరవించడం ఆస్థాన కవులకు కంటగింపయింది. అది గమనించిన క్షేత్రయ్య ఒక పదం కట్టి, చివరి భాగం వదిలేసి, తాను తీర్థయాత్ర చేసి వచ్చేలోగా దాన్ని పూర్తిచేయమని వారికి చెప్పి వెళ్లాడట. తిరిగి వచ్చేసరికి పదం వదిలినచోటే ఉందట.

తన పదాల లెక్కను క్షేత్రయ్య ఒక పదంలో తానే చెప్పుకున్నాడు. మధురలో తిరుమలనాయకుని ఎదుట రెండువేలు, తంజావూరులో విజయరాఘవుని ఎదుట వెయ్యి, గోలకొండ పాదుషా కొలువులో నలభై రోజుల్లో పదిహేనువందలు. అంటే గోలకొండలో రోజుకు ముప్పైఏడు పైచిలుకు పడుతుంది. కవి లెక్కలో కొంత ఉత్సాహం కలిసి ఉండవచ్చు. మొత్తం 4,500. నేడు దొరుకుతున్నవి నాలుగువందల లోపే.

పదం అంటే ఏమిటి?

క్షేత్రయ్య పదం కీర్తనలాంటిది కాదు. ఇందులో కవి తన మాటగా చెప్పేది అరుదు. మాట్లాడేది ఎక్కువగా ఆడమనిషి. రాని మగనికోసం ఎదురుచూసే భార్య, పరాయి ఇంటినుంచి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలదీసే ఇల్లాలు, డబ్బు సంగతి ముందు తేల్చమనే వేశ్య, రాయబారం నడిపే చెలికత్తె, అందరూ ఇందులో ఉంటారు. వారి భాష గ్రాంథికం కాదు, ఇళ్లలో వాడుకునే తెలుగు. సామెత ఉంటుంది, దెప్పిపొడుపు ఉంటుంది, అలక ఉంటుంది. వారందరూ మాట్లాడేది మువ్వగోపాలునితోనే. ఆయన దేవుడా, ఆ వీధిలో తిరిగే సొగసుకాడా అనేది వినేవారి మనసునుబట్టి ఉంటుంది.

ఈ పదాలు నిదానంగా నడుస్తాయి. చాలావాటిని పల్లవితో కాక అనుపల్లవితో ఎత్తుకోవడం ఆనవాయితీ. ఒకే మాటను పదిసార్లు పాడతారు. పాడిన ప్రతిసారీ అభినయించే ఆమె ముఖంలో భావం మారుతుంది. ఒకసారి కోపం, ఒకసారి వెక్కిరింత, ఒకసారి కన్నీరు. అందువల్ల కాగితంమీద రాసిపెట్టుకుంటే దక్కేది పదంలో సగమే. తక్కిన సగం గొంతు పట్టుకుని గొంతు నేర్చుకోవలసిందే.

దాచినవారు ఎవరు?

క్షేత్రయ్యను ఆదరించిన కొలువులు ఎక్కువకాలం నిలవలేదు. 1673లో మధుర సేనలతో జరిగిన యుద్ధంలో విజయరాఘవనాయకుడు మరణించాడు. 1687లో గోలకొండ మొగలాయిల వశమైంది. రాజులు పోయినా పదాలు పోలేదు. వాటిని నోట పట్టుకున్నవారు గుళ్లలోనూ మేళాల్లోనూ ఆడిపాడిన స్త్రీలు. మన జిల్లాల్లో వారిని కళావంతులనీ, భోగంవారనీ అన్నారు. పెళ్లిళ్లలో మేజువాణీలు పెట్టించి వారి పాట విన్న పెద్దమనుషులు, పాటకు ఇచ్చిన విలువ పాడిన మనిషికి ఇవ్వలేదు.

పందొమ్మిదవ శతాబ్దం చివర కందుకూరి వీరేశలింగం మొదలైనవారు ఆ వ్యవస్థపై పోరాటం ప్రారంభించారు. పసిపిల్లలను గుడికి అంకితమిచ్చే ఆచారం పోవలసినదే. 1947లో మద్రాసు రాష్ట్రంలో దానిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. కాని ఆచారంతోపాటు మేళమూ మూతపడింది. ఆ ఇళ్లలోని పెద్దలు తమ పిల్లలకు పదం నేర్పడం మానుకున్నారు. పాటవల్ల ఇంటిపేరు బయటపడుతుందన్న భయం వారిది. ఈ డెల్టాలో తరతరాలుగా నడిచిన పాఠం అలా తెగిపోయింది.

మద్రాసులో ఒక ఇంట్లో మాత్రం తెగలేదు. వీణ ధనమ్మాళ్ (1867–1938) బాలదాస్ నాయుడు వద్ద క్షేత్రయ్య పదాలు నేర్చుకున్నారు. మాతృభాష తమిళమైనా ఆ ఇంట్లో తెలుగు పదానికి పూజామందిరంలో ఉన్నంత గౌరవం ఉండేది. ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త ఆ పదాలను పాడారు. మరో మనుమరాలు బాలసరస్వతి వాటిని అభినయించారు. పదాల్లోని శృంగారాన్ని తగ్గించి మర్యాదగా మార్చాలని కొందరు వాదించిన రోజుల్లో, అందులో దాచవలసినది ఏమీ లేదని బాలసరస్వతి గట్టిగా నిలబడ్డారు. మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదును 1973లో బాలసరస్వతికీ, 1976లో బృందకూ ఇచ్చింది. బృంద దగ్గర పదాలు నేర్చుకున్నవారిలో అరుణా సాయిరాం ఒకరు.

స్వరం రాసి అచ్చువేసిన పని కూడా ఎక్కువగా అక్కడే మొదలైంది. ఎట్టయపురం సంస్థానంలో ఉన్న సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో క్షేత్రయ్య పదాలు కొన్ని స్వరసహితంగా ఉన్నాయి. ఆంధ్రదేశంలో ఈ పనికి పూనుకున్నవారిలో విస్సా అప్పారావు ముఖ్యులు. భౌతికశాస్త్రం బోధించిన ఈ ఆచార్యుడు పదాలను సేకరించి పుస్తకంగా తెచ్చారు. విజయవాడ రేడియోలో దీర్ఘకాలం పనిచేసిన బాలాంత్రపు రజనీకాంతరావు ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్ర రాసి అందులో క్షేత్రయ్యకు తగిన చోటు ఇచ్చారు. అదే రేడియోలో శ్రీరంగం గోపాలరత్నం (1939–1993) పదం పాడితే మన ఇళ్లవారు చెవులప్పగించి విన్నారు. నటరాజ రామకృష్ణ ఊరూరూ తిరిగి వృద్ధ కళావంతులను వెతికి, వారికి గుర్తున్న అభినయాన్ని నలుగురి ముందుకూ తెచ్చారు.

సినిమా కూడా తన వంతు చేసింది. 1953లో వచ్చిన దేవదాసులో రావు బాలసరస్వతీదేవి గొంతులో ఒక క్షేత్రయ్య పదం వినిపిస్తుంది. అది ఎవరి రచనో తెలియకుండానే పాడుకున్నవారు ఎందరో. 1976లో మహాకవి క్షేత్రయ్య చిత్రంలో టైటిల్ పాత్ర ధరించింది మన గుడివాడ ప్రాంతపు అక్కినేని నాగేశ్వరరావే. 1994లో ఈ పదాలు ఇంగ్లీషులోకి వెళ్లి అమెరికాలో పుస్తకంగా వచ్చాయి.

ఇన్ని జరిగినా, దొరికిన నాలుగువందల లోపు పదాల్లో నేడు సభలో వినిపించేవి కొన్నే. తక్కినవాటికి పుస్తకంలో సాహిత్యం ఉంది. తలమీద రాగం పేరు, తాళం పేరు ఉన్నాయి. అవి ఎలా పాడేవారో తెలిసిన ముసలమ్మలు ఏ ఊళ్లోనో, ఎవరికీ వినిపించకుండా కన్నుమూశారు.