బలం కూడా అమానతే: గామా పహిల్వాన్ జీవితం

ఇంట్లో పిల్లవాడు కాస్త కండపట్టి చేతులు ఊపుకుంటూ నడిస్తే, పెద్దలు వాణ్ణి గామా పహిల్వాన్ అని ఆటపట్టించడం మన కుటుంబాల్లో పాత అలవాటు. ఆ పేరు అందరికీ తెలుసు. కాని ఆ మనిషి బలాన్ని ఎలా సంపాదించారో, చివరికి దాన్ని ఎందుకు వినియోగించారో ఎరిగినవారు తక్కువ.

గామా అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. 1878లో పంజాబులోని అమృత్‌సర్ జిల్లా జబ్బోవాల్ గ్రామంలో, కుస్తీకి పేరుపొందిన కాశ్మీరీ ముస్లిం కుటుంబంలో జన్మించారు. తండ్రి అజీజ్ బఖ్ష్ కూడా పహిల్వానే. గామాకు ఆరేళ్ల వయసులో తండ్రి కన్నుమూశారు. యతీముగా మిగిలిన ఆ బాలుణ్ణి మొదట తాతగారు, తరువాత మేనమామ ఈదా పహిల్వాన్ చేరదీశారు.

1888లో జోధ్‌పూర్ మహారాజా బస్కీల పోటీ పెట్టించారు. నాలుగు వందలకు పైగా పహిల్వాన్లు పాల్గొన్నారు. ఒక్కొక్కరే అలసి తప్పుకోగా చివరికి పదిహేను మంది మిగిలారు. వారిలో పదేళ్ల గామా ఒకరు. మహారాజా ఆ బాలుణ్ణే విజేతగా ప్రకటించారు. ఆ తరువాత దతియా సంస్థానాధీశుడు ఆయన పోషణ, శిక్షణల భారం వహించారు.

ఆనాటి తాలింఖానాల్లో ఇనుప యంత్రాలు లేవు. పార పట్టి గోదాలో మట్టి తవ్వి మెత్తన చేయడమే ఒక కసరత్తు. దానితో నడుము, భుజాలు, చేతి పట్టు గట్టిపడేవి. బస్కీలతో తొడలకు, దండీలతో ఛాతీకి, భుజాలకు బలం చేకూరేది. రోజుకు 5,000 బస్కీలు, 3,000 దండీలు, ఆపైన నలభై మందితో కుస్తీ పట్లు అని గామా దినచర్య గురించి ప్రసిద్ధి. ఆయన బస్కీలు తీసేటప్పుడు వాడిన 95 కిలోల గుండ్రని బరువు పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ మ్యూజియానికి చేరింది. పాలు, నెయ్యి, బాదంపప్పు, మాంసం ఆయన ఆహారం.

ఈ లెక్కలు చదివి మన పిల్లలు రేపటి నుంచే వేలల్లో మొదలుపెట్టరాదు. గామా చిన్ననాటి నుంచి వస్తాదుల కళ్లముందు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెంచుకున్న శక్తి అది.

1910లో గామా తమ్ముడు ఇమామ్ బఖ్ష్‌తో కలిసి లండన్ వెళ్లారు. అయిదడుగుల ఏడంగుళాల మనిషిని చూసి, పొట్టివాడని పోటీలోకి రానివ్వలేదు. ముప్పై నిమిషాల్లో ఏ ముగ్గురు మల్లులనైనా పడగొడతానని ఆయన బహిరంగంగా సవాలు విసిరారు. అమెరికా మల్లుడు డాక్టర్ బెంజమిన్ రోలర్‌ను ఓడించారు. సెప్టెంబరు 10న పోలెండ్‌కు చెందిన స్టానిస్లాస్ జ్బిష్కోతో తలపడ్డారు. గామా ధాటికి ఆగలేక జ్బిష్కో చాలాసేపు నేలకు కరుచుకుపోయాడు. రెండున్నర గంటలు గడిచినా ఫలితం తేలలేదు. వారం తరువాత మళ్లీ పోటీ పెడితే జ్బిష్కో రానేలేదు. జాన్ బుల్ బెల్టు గామాకు దక్కింది.

తిరిగి వచ్చాక అలహాబాదులో, ఏడడుగులకు దగ్గరగా ఉండే రహీం బఖ్ష్ సుల్తానీవాలాను ఓడించి రుస్తుమె హింద్ అయ్యారు. బిరుదు వచ్చిందని కసరత్తు మానలేదు. పద్దెనిమిదేళ్ల తరువాత, 1928లో పాటియాలాలో జ్బిష్కోతో మళ్లీ కుస్తీ జరిగింది. రెండున్నర గంటల్లో తేలని పోటీ ఈసారి నిమిషం లోపే ముగిసింది. అప్పటికి గామా యాభై ఏళ్లకు చేరువలో ఉన్నారు.

అయితే ఆయన అసలైన పరీక్ష గోదాలో జరగలేదు. 1947లో దేశ విభజన మంటల్లో పంజాబు రగిలిపోతున్న వేళ గామా లాహోర్‌లోని మోహ్నీ రోడ్డులో నివసిస్తున్నారు. పొరుగున ఉన్న హిందూ కుటుంబాల మీదికి అల్లరిమూక వచ్చినప్పుడు తన శిష్యులతో కలిసి అడ్డంగా నిలబడ్డారు. ఆ కుటుంబాలను క్షేమంగా సరిహద్దు వైపు సాగనంపారు. వచ్చినవారు తన మతంవారే అయినా దౌర్జన్యాన్ని సమర్థించలేదు. పొరుగువారి హక్కు గురించి మన దీన్ నేర్పినదాన్ని ఆయన తన ఒంటితో చేసి చూపారు.

చివరి రోజుల్లో జబ్బు, డబ్బు ఇబ్బంది ఆయనను చుట్టుముట్టాయి. భారత పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా నెలనెలా ధనసహాయం పంపారు. 1960 మే 23న లాహోర్‌లో గామా పరమపదించారు. ఎవరూ ఓడించలేని ఆ దేహం కూడా చివరికి మట్టిలోనే కలిసింది.

నేటి మన యువకులు జిమ్ములకు వెళుతున్నారు. సంతోషమే. ఆరోగ్యం అల్లాహ్ ఇచ్చిన అమానతు. దాన్ని కాపాడుకోవడం మన బాధ్యత. కాని నాలుగు నెలల్లో కండలు రావాలని కొందరు స్టెరాయిడ్ ఇంజెక్షన్లకు అలవాటుపడి గుండెను, కాలేయాన్ని పాడు చేసుకుంటున్నారు. ఇది అమానతులో ఖియానతు కాదా? తల్లిదండ్రులారా! మీ అబ్బాయి ఎంత బరువు ఎత్తగలిగాడో అడగండి. ఆ బలంతో ఎవరికి అండగా నిలబడతాడో కూడా అడగండి. మోహ్నీ రోడ్డులో నిలబడిన గామా అతనికి గుర్తుంటే, అతని కసరత్తుకు అర్థం ఉంటుంది.