స్కాలర్‌షిప్ పోయిన రామానుజన్



డిసెంబర్ 22 వచ్చిందంటే గణిత దినోత్సవం చేస్తాం. శ్రీనివాస రామానుజన్ ఫోటోకు దండ వేస్తాం. కానీ ఆయనకు కూడా ఒకసారి స్కాలర్‌షిప్ పోయిందని మనలో చాలామందికి తెలియదు. ఫారం వాపసు వచ్చిందంటే ఇక చదువు బంద్ అనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

రామానుజన్ 1887లో ఇప్పటి తమిళనాడులోని ఈరోడ్‌లో పుట్టాడు. పెరిగింది కుంభకోణంలో. నాన్న బట్టల దుకాణంలో గుమాస్తా, జీతం నెలకు సుమారు 20 రూపాయలు. లెక్కల్లో రామానుజన్‌కు ఎదురు లేదు. 1904లో బడి చదువు ముగించి, స్కాలర్‌షిప్ మీద కుంభకోణం ప్రభుత్వ కాలేజీలో చేరాడు. అక్కడ ఒక టర్ముకు ఫీజు 32 రూపాయలు. అంటే నాన్న నెలన్నర జీతం కన్నా ఎక్కువ!

కాలేజీలో ఆయనకు రాత్రీ పగలూ లెక్కలే. మిగతా సబ్జెక్టులు ముట్టలేదు. ఇంగ్లీషులో ఫెయిలయ్యాడు. స్కాలర్‌షిప్ తీసేశారు. తల్లి కోమలతమ్మాళ్ ఊరుకోలేదు. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, లెక్కల్లో ఇంత తెలివి ఉన్న పిల్లవాడికి ఎట్లా ఆపుతారని అడిగింది. ప్రిన్సిపాల్ మర్యాదగానే మాట్లాడాడు కానీ, రూలు రూలేనని చెప్పి పంపించాడు.

రామానుజన్‌కు తల కొట్టేసినట్టయింది. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం పారిపోయి వచ్చాడు. అప్పుడు ఆయన వయసు 17. తర్వాత ఇల్లు చేరి, 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరాడు. మన ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. పరీక్ష అక్కడ కూడా తప్పాడు. కాగితాలు కొనే పైసలు లేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచేవాడు. జవాబు మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవాడు.

1910లో ఆ నోటుబుక్కులు పట్టుకొని నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు గారిని కలిశాడు. ఆయనకు మొదట నమ్మకం కుదరలేదు. రామానుజన్ మళ్ళీ వెళ్ళాడు. చివరకు కలెక్టర్ గారు నెలకు 25 రూపాయలు సొంతంగా ఇచ్చారు. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా పని దొరికింది. 1913 జనవరిలో ఇంగ్లండులోని ప్రొఫెసర్ హార్డీకి తన లెక్కలు రాసి పంపాడు. హార్డీ వాటి విలువ గుర్తుపట్టాడు.

అప్పుడు మళ్ళీ స్కాలర్‌షిప్ సంగతి వచ్చింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చే పరిశోధన స్కాలర్‌షిప్ ఎం.ఏ. చదివిన వాళ్ళకు. ఈయన ఎఫ్.ఏ. కూడా పాస్ కాలేదు. మళ్ళీ రూలే అడ్డం! కానీ ఈసారి ఉత్త మాటలు కావు, చేతిలో కాగితాలున్నాయి. హార్డీ మెప్పు ఉంది. వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ సిఫారసు ఉత్తరం ఉంది. పరిశోధనను పెంచడానికే కదా విశ్వవిద్యాలయం ఉన్నది అని పెద్దలు వాదించారు. 1913 మే నుంచి రెండేళ్ళపాటు నెలకు 75 రూపాయలు మంజూరైంది.

1914లో కేంబ్రిడ్జికి వెళ్ళాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1919 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాస్తూ, తనకు ఏటా ఇవ్వబోయే 250 పౌండ్లలో తల్లిదండ్రుల ఖర్చు పోను మిగిలింది పేద, అనాథ పిల్లల ఫీజులకు, పుస్తకాలకు వాడమని కోరాడు. ఫీజు కట్టలేని బాధ ఆయన మర్చిపోలేదు. 1920లో 32 ఏళ్ళకే చనిపోయాడు.

నాకు అర్థమైంది ఏమంటే, తల్లి అడిగినప్పుడు కూడా రామానుజన్ తెలివి అదే. కానీ అప్పుడు చూపించడానికి కాగితం లేదు, వెంట నిలబడే పెద్దమనిషి లేడు. కాబట్టి మన ఫారం వాపసు వస్తే తండాకు పోయి కూర్చోవద్దు. ఎందుకు వాపసు వచ్చిందో అడగాలి. కుల సర్టిఫికెట్ తక్కువైందా, ఆదాయం సర్టిఫికెట్ పాతదా, బ్యాంకు ఖాతాలో పేరు తప్పు పడిందా చూసుకోవాలి. సరిచేసి, వార్డెన్ సార్‌కు చూపించి, గడువులోగా మళ్ళీ పెట్టాలి.

ఇంకో మాట. లెక్కలు ఎంత ఇష్టమైనా, ఇంగ్లీషు పుస్తకం కూడా తెరవండి!